మాస్టారు ఇచ్చిన బస్సు కార్డు

కువైట్‌లో, ఖైతాన్‌లో మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మాస్టారు పోయారు. పోయిన వారం మా అమ్మాయే ఫోన్ చేసింది. "అమ్మా, సారు పోయినాడంట" అంది. కోనసీమలో వాళ్ళ ఊళ్ళో, నిద్రలోనే పోయారట. ఆయన మంచితనం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మాత్రం నా తప్పు చెప్పకుండా ఆయన మంచి చెప్పలేను.

కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది సంగతి ఇది. మాది రాయచోటి వైపు. ఖైతాన్‌లో మా ఆయనది వెల్డింగ్ పని, నాది ఒక కువైటీ ఇంట్లో వంట. పిల్లల స్కూలుకు రెండు బ్రాంచీలుండేవి. ఖైతాన్ బడిలో మాలాంటి పనివాళ్ళ పిల్లలు, సముద్రం పక్కన ఫింటాస్ బడిలో ఆఫీసర్ల పిల్లలు. వేసవి సెలవులకు ముందు మాస్టారు ఒక ఆలోచన తెచ్చారు. ఏ ఏరియా పిల్లలు ఏ బడికన్న గీత చెరిపేసి, మా పిల్లల్లో సగం మందిని బస్సులో ఫింటాస్‌కు, అక్కడివాళ్ళలో సగం మందిని ఖైతాన్‌కు పంపాలని. అందరూ కలిసి చదువుకోవాలని ఆయన కోరిక. యాజమాన్యం సరేనంది. రెండు వైపులా తల్లిదండ్రులు భగ్గుమన్నారు. మా పిల్లల మాట తీరు తమ పిల్లలకు అంటుకుంటుందని వాళ్ళ బెంగ. టిఫిన్ డబ్బాలు చూసి మా పిల్లల్ని వెక్కిరిస్తారని మా బెంగ. పైగా ఆ ఎండలో అంతసేపు బస్సు. దారిలో ఏమన్నా అయితే పూచీ ఎవరిది?

మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నా నోరు అలాంటిది.

"ఏం సారూ, ఇంటి పక్కనే బడి పెట్టుకోని మా బిడ్డను యాడికో పంపల్లనా? మీ కూతురికి ఉబ్బసం గదా, ముందు ఆ పాపను ఎక్కియ్యండి, చూస్తాం!"

హాలంతా నవ్వింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎవరు ఎంత మాటన్నా ఆయన చేసేది అదే.

"ఆయ్, ఎక్కుద్దండీ. మొదటి రోజు మొదటి సీటు మా అమ్మాయిదేనండీ. మీరు ఒక్క వారం పంపి చూడండి. నచ్చకపోతే నన్ను తిట్టండి."

"తిట్టేదానికి వారం దాకా ఎందుకు?" అన్నాను. మళ్ళీ నవ్వారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. వాచీ చూసుకుంటూ ఆ దారంతా తానే తిరిగి, ఎక్కడ ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు అడిగి, పిల్లలకు బస్సు కార్డులు తయారుచేశారు. ఇంగ్లీషులో, అరబిక్‌లో పేరు, ఫొటో మీద స్కూలు ముద్ర. మా మెట్లు మూడుసార్లు ఎక్కారు. మూడోసారి నేను తలుపు కూడా పూర్తిగా తీయలేదు. "ఫొటో ల్యా సారూ" అని అబద్ధం చెప్పి పంపేశాను.

ఆగస్టులో సైన్యం వచ్చింది. బడి తెరవనే లేదు. రోడ్ల మీద ట్యాంకులు, మందుల షాపులు ఖాళీ, రొట్టె కోసం పొద్దంతా లైన్లు. మా పాస్‌పోర్టులు మా ఆయన కఫీల్ దగ్గర ఉన్నాయి. ఆ యజమాని వేసవికి వేరే దేశం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మా ఇద్దరికీ ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, ఉంది. పాప పేరు మాత్రం నా పాస్‌పోర్టులో తప్ప ఇంకెక్కడా లేదు.

మనవాళ్ళు కొందరు బస్సులు మాట్లాడి, బస్రా, బాగ్దాద్ మీదుగా జనాన్ని అమ్మాన్‌కు దాటిస్తున్నారు. అక్కడి నుంచి విమానం. లిస్టు రాసేవాళ్ళు పాపకు ఏదో ఒక కాయితం చూపమన్నారు. స్కూలు బస్సు కార్డయినా చాలట, సైనికులు ఆ ముద్ర చూసి వదిలేస్తున్నారట. ఆ మాట వినగానే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. బడికి తాళం. ముద్ర లోపల.

బయల్దేరే రోజు పొద్దున మాస్టారు మా మెట్లెక్కి వచ్చారు. చేతిలో కార్డు. వాళ్ళ అమ్మాయిది.

"ఇంత చిన్న ఫొటోలో పిల్లలందరూ ఒకలాగే ఉంటారండీ. మీ పాపకి రెండు జడలు వేసెయ్యండి, సరిపోద్ది."

"మీ బిడ్డకో సారూ?"

"మా పాస్‌పోర్టులు నా దగ్గరే ఉన్నాయండీ. వారంలో మేమూ వచ్చేత్తాం. కంగారుపడకండి."

నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. కార్డు లాక్కున్నట్టే తీసుకుని పాపకు జడలు అల్లడానికి కూర్చున్నాను.

వారానికి వాళ్ళ వంతు వచ్చింది. లిస్టులో వాళ్ళ అమ్మాయి పేరు కొట్టేసి ఉంది. "ఈ పాప వెళ్ళిపోయింది కదా మాస్టారూ, మరి ఈ పిల్లెవరు?" అన్నారట. నిజం చెబితే, ఇంకా అమ్మాన్ దాటామో లేదో తెలియని మమ్మల్ని దారిలోనే దింపేస్తారని ఆయన భయం. భార్యాబిడ్డలతో ఇంటికి తిరిగి వచ్చేశారు. మేం ఊరు చేరామన్న కబురు ఆయనకు అందేసరికి బస్సులు ఆగిపోయాయి. చలికాలంలో ఆ పిల్లకు ఉబ్బసం ముదిరింది. మందు దొరకలేదు. యుద్ధం ముగియక ముందే పోయింది. తొమ్మిదేళ్ళు.

ఇదంతా ఆయన చెప్పింది కాదు. రెండేళ్ళ తర్వాత, అప్పుడు ఖైతాన్‌లోనే ఉండిపోయిన ఒకావిడ చెప్పింది. మాస్టారు వాళ్ళు అప్పటికే ఊరికి వచ్చేశారని తెలిసి, పాపను తీసుకుని కోనసీమ పరుగెత్తాను. కాళ్ళ మీద పడబోతే మాస్టారు వెనక్కి జరిగారు.

"మీరేం చేశారండీ? కార్డు ఇచ్చింది నేను కదండీ" అన్నారు. పాపను దగ్గరికి పిలిచి ఏ క్లాసని అడిగారు. పదిహేడో ఎక్కం చెప్పించుకున్నారు. వాళ్ళావిడ మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆవిడను నేను ఎన్నడూ తప్పుపట్టలేదు.

మీకు చెప్పనిది ఒకటి మిగిలింది. ఆ ప్రయాణంలో ఆగిన ప్రతి చోటా అందరినీ దింపి, పేర్లు పిలిచి చూసుకునేవాళ్ళు. తనది కాని పేరుకు పలకడం మరిచిపోతుందేమోనని నేను పాప వీపు మీద చెయ్యి వేసి గిల్లేదాన్ని. అమ్మాన్‌లో ఆఖరిసారి పిలిచారు. ఎండ మండిపోతోంది. మాస్టారి అమ్మాయి పేరు వచ్చింది. నేను గిల్లకముందే మా పాప చెయ్యెత్తి, బడిలో పలికినట్టే "ప్రెజెంట్" అని అరిచింది. లిస్టు పట్టుకున్నతను ఆ పేరు పక్కన 'క్షేమం' అని రాసుకుని, తర్వాతి పేరు పిలిచాడు.