పూతలపట్టు మలుపులో నా కాలు

పదకొండేళ్లుగా చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేస్తున్నాను. ఈ ఉద్యోగంలో నాకున్న గొప్ప ఒక్కటే, నిలబడటానికి పైనున్న కమ్మీ పట్టుకోను. ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేతిలో చిల్లర. బస్సు ఎటు ఊగితే అటు నా కాళ్లే సర్దుకునేవి. పూతలపట్టు మలుపులో బస్సు తిరిగేటప్పుడు కూర్చున్నవాళ్లు కూడా ముందు సీటు గట్టిగా పట్టుకుంటారు. నేను మాత్రం టికెట్ కొడుతూనే ఉండేదాన్ని. కాళ్ల వైపు ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. కట్టుకున్నవాడి మీద కూడా నాకు అంత నమ్మకం లేదు.

అలాంటి కాలు నన్ను మోసం చేసింది. చంద్రగిరిలో ఫుట్‌బోర్డు దిగుతూ, ఎవరో తాగి పారేసిన టెంకాయ బోండం మీద అడుగు వేశాను. కుడికాలు మెలికపడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. మా ఇంట్లో ఎముక విరిగితే పుత్తూరు కట్టే. ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టారు. మూడు కట్లు మార్చి విప్పాక ఎక్స్‌రే తీయిస్తే ఎముక ముచ్చటగా అతుక్కుంది. వాపు లేదు, నొప్పి లేదు. సోమవారం డ్యూటీకి వచ్చేస్తానని డిపోకు ఫోన్ చేసి చెప్పేశాను.

శుక్రవారం మా వీధి గంగమ్మ గుడికి పోయాను. హారతి కళ్లకద్దుకుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని ఆత్మప్రదక్షిణ మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. రెండో చుట్టులో నా కాలు ఎక్కడుందో నాకే తెలియలేదు. కుడిపక్కకు తూలాను, నిలదొక్కుకోబోయి మళ్లీ తూలాను. ఇంకేముంది, చుట్టూ ఉన్న ఆడవాళ్లు నాకు అమ్మ పూనిందన్నారు. నెత్తిన పసుపునీళ్లు పోసి చేతిలో వేపమండ పెట్టారు. పక్కింటామె నా కాళ్ల మీద పడి, తన కూతురి కడుపు ఎప్పుడు పండుతుందని అడిగింది. కాలు నిలవడం లేదని నలుగురిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. మంచే జరుగుతుంది పొమ్మన్నాను. ఆ తల్లే నన్ను క్షమించాలి.

మర్నాడు తిరుపతిలో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దగ్గరికి పోయాను. నా కళ్లు మూయించి, పాదాన్ని మెల్లగా వంచుతూ పైకుందా కిందికుందా చెప్పమంది. ఎడమకాలికి అన్నీ సరిగ్గా చెప్పాను. కుడికాలికి సగం తప్పు. కిందికి వంచితే పైకి అంటున్నాను. ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. ఒళ్లు ఎక్కడెక్కడ ఎలా ఉందో చూడకుండానే మెదడుకు కబురు అందించే నరాలు కండరాల్లో, కీళ్ల చుట్టూ ఉంటాయట. చీలమండ మెలికపడినప్పుడు అవి కూడా దెబ్బతింటాయట. ఎముక అతుక్కున్నంత మాత్రాన ఆ కబురు తిరిగి రాదు, కాలికి మళ్లీ నేర్పించుకోవాలి అంది.

నేర్పించడమంటే ఒంటికాలి మీద నిలబడటం. మొదట నేల మీద, తర్వాత దిండు మీద, ఆ తర్వాత దిండు మీదే కళ్లు మూసుకుని. పళ్లు తోముకునేటప్పుడు, పప్పు ఉడికేటప్పుడు, తలుపు పక్కన కొంగలా నిలబడేదాన్ని. డిపోలో సారు ముందే చెప్పేశాడు, బస్సులో నిలబడలేకపోతే బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్లో కూర్చోవాలని. రోజంతా ఒక కిటికీ ముందు కూర్చోవడమా? నా ప్రాణం అక్కడే పోతుంది. రెండు నెలలు సెలవు పొడిగించుకుని ఆ దిండు మీద యుద్ధం చేశాను.

డ్యూటీలో చేరిన రోజు మా డ్రైవరన్న ఎంత సంబరపడ్డాడో. పదేళ్లుగా ఆయనా నేనూ ఒకే బండి. మొదటి వారం కమ్మీ పట్టుకున్నాను. రెండో వారం వదిలేశాను. పూతలపట్టు మలుపులో రెండు చేతులా పని చేసుకుంటూ నిలబడ్డాను. ఆ రాత్రి దిండును మంచం మీదికి చేర్చేసి, ఇక నీతో పని లేదన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి రమ్మని ఫోన్ చేస్తే నాకు బాగైపోయిందని చెప్పాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మా డ్రైవరన్న సెలవు పెట్టాడు, వేరే డ్రైవరు వచ్చాడు. పూతలపట్టు మలుపులో నేను ఎగిరి ఒక పెద్దాయన ఒళ్లో పడ్డాను. మిషను ఎక్కడో, నేనెక్కడో. అంత వేగమేమిటని డ్రైవరు మీద విరుచుకుపడ్డాను. అతను బిత్తరపోయి, అందరూ తోలినట్టే తోలానన్నాడు. రోజూ మా బస్సులో పాకాల దాకా వచ్చే టీచరమ్మ నన్ను లేపి సీట్లో కూర్చోబెట్టింది. నువ్వు మళ్లీ చేరినప్పటి నుంచి మీ అన్న నిండు చూలాలిని తీసుకుపోతున్నట్టు తోలుతున్నాడు కదా, నీకు తెలియదా అని అడిగింది. బస్సులో రోజూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

మర్నాడు డ్రైవరన్న టీ తాగుతుంటే పోయి నిలదీశాను. తల దించుకున్నాడు.

"నువ్వు పడితే సూసేదానికి నాకు శాతగాదు మే. దాంట్లో ఏం తప్పుండాది?"

"పడుంటే ఆ పొద్దే తెలిసుండును గదన్నా. నా కాలే బాగుపడిందని నాలుగు నెల్లు సంబరపడినాను. దిండు గూడా పక్కన పెట్టేసినాను."

ఆయన మీద కోపం, నా కాలి మీద కోపం. అన్నిటికన్నా నా తెలివితక్కువతనం మీద ఒళ్లు మండిపోయింది. ఇక మీదట నా కాలు దెబ్బతినక ముందులాగే తోలుతానని ఒట్టు వేయమన్నాను. కాణిపాకం వైపు చేయి చాపి ఒట్టు వేశాడు. ఆ వినాయకుడి మీద అబద్ధపు ఒట్టు మా వైపు ఎవరూ వేయరు. నేను నమ్మాను.

మళ్లీ దిండు, మళ్లీ ఒంటికాలు. బస్సులో మళ్లీ కమ్మీ పట్టుకున్నాను. ఆయన నిజంగానే మునుపటిలా తోలాడు, నేను తూలాను, మోచేతులు కమిలిపోయాయి. అయినా సంతోషంగానే ఉండేది. పోయిన నెలలో ఫిజియోథెరపీ అమ్మాయి మళ్లీ కళ్లు మూయించి అడిగితే ఒక్కటీ తప్పు చెప్పలేదు.

ఆ ధైర్యంతోనే మొన్న కమ్మీ వదిలేశాను. పూతలపట్టు దగ్గర తల వంచుకుని ఒకామెకు టికెట్ కొడుతున్నాను. మలుపు వచ్చింది. ఒంటి బరువు కుడిపాదం అంచు మీదికి పోవాలి. పోలేదు. వేళ్లు నేలను పట్టుకోవాలి. ఆ అవసరమే రాలేదు. బయటికి చూడకుండానే నా కాలికి తెలిసిపోయింది, బస్సు నెమ్మదించింది. తల ఎత్తితే అద్దంలో ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి. చటుక్కున రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

కాలు బాగుపడిందని నాకు నిజంగా తెలిసింది అప్పుడే. ఎగిరి గంతేయాల్సింది. కానీ దేవుడి మీద ఒట్టు కూడా నా కోసం తప్పాడే అనుకుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం డిపోలో కంట్రోలరు దగ్గరికి పోయి బండి మార్చమన్నాను. పదేళ్ల జోడీ కదా, ఆయన మీద ఏమైనా కంప్లైంటా అని అడిగాడు.

"ఏం లేదు సార్. ఆయన తోల్తే గతుకు తెలీదు. నాకు గతుకు తెలిసే బండి ఇయ్యండి."