టోకెనుకో రీస్టార్టు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, ఎక్కడ తిట్లు తింటే అక్కడ అతిజాగ్రత్త పడటమే తెలివి అనుకునేదాన్ని. అనకాపల్లిలో ఒక బెల్లం గిడ్డంగికి మా చిన్న కంపెనీ జావాలో టోకెన్ల ప్రోగ్రాం రాసింది. రైతు పేరు కొడితే డేటాబేసులోకి ఎక్కి, వరుస నంబరుతో చీటీ వస్తుంది. మొదటి పరీక్షలో నేను పేరుకొకటి చొప్పున డేటాబేసుకి కనెక్షన్లు తెరిచానే గాని ఒక్కటీ మూయలేదు. పదో పేరుకి అంతా బిగుసుకుపోయింది. మా సీనియర్ (వెనకాల మేం మూతల మేడమ్ అనేవాళ్ళం) "వంటింట్లోనూ ఇంతేనా? తీసినదానికి మూత పెట్టవా?" అంది. రోషం వచ్చి, కనిపించినదానికల్లా 'క్లోజ్' రాసేశాను. (ఒక్క పేరుతో పరీక్షించాను. పనిచేసింది. రెండో పేరెందుకులే అనిపించింది.)

ప్రారంభం నాడు కశింకోట నుంచి మా మావయ్య బెల్లం దిమ్మలతో ఆటోలో వచ్చి వరుసలో నిలబడ్డాడు. "ఇది మా కోడలుపిల్ల సేసిందే" అని ముందూ వెనకా చెప్పేశాడు. మొదటి చీటీ చక్కగా వచ్చింది. రెండోది రాలేదు. సర్వర్ ఆపి మళ్ళీ పెడితే ఒకటి వచ్చి, మళ్ళీ మూగబోయింది. "ఒక్కో సీటీకి ఒక్కోపాలి సచ్చి బతుకుతాదేటమ్మా నీ మిషను?" అన్నాడు ముందున్న రైతు. ఈలోగా మబ్బు పట్టింది. తడిస్తే బెల్లం పాడైపోతుంది. మావయ్య టార్పాలిన్ సర్దుకుంటూ నావైపు చూడటం మానేశాడు. ఆయన తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఏడుపు ఆపుకుని మేడమ్‌కి ఫోన్ చేసి, నేను రాసిన 'క్లోజ్'లన్నీ చదివి వినిపించాను. "నీ బిందె నిండాక నీ కుళాయి కట్టెయ్యమన్నాను. వీధి మొత్తానికి నీళ్ళొచ్చే ట్యాంకు వాల్వు ఎందుకు కట్టేశావు? డేటాబేసుకి దారి తెరిచి నీ చేతికిచ్చింది సర్వరు, దాన్ని మూసేదీ సర్వరే" అంది.

నా కనెక్షన్ మూసే 'క్లోజ్'లు ఉంచి, సర్వరిచ్చిన దారిని మూసేస్తున్న ఆ ఒక్క లైను తీసేశాను. చీటీలు టపటపా వచ్చాయి. చినుకు పడకముందే మావయ్య దిమ్మలు లోపలికి చేరాయి.

"ఏటి సేసేవమ్మా?"

"ఒక లైను తీసేసేను మావయ్యా."

"అన్నేళ్ళు సదివింది తీసెయ్యడానికా?" అన్నాడు. కానీ బయటికి వెళ్తూ, "మా పిల్ల ఒక్క లైను తీసేసిందిరా, మొత్తం లైను కదిలిపోయింది" అని ఎవరికో చెప్పడం విన్నాను.

ఇప్పుడు నేనే సీనియర్ని. వెనకాల నన్నేమంటారో కనుక్కోలేదు. రాసిన లైన్లు వేలల్లో ఉంటాయి గాని, బంధువుల్లో నా పేరు మాత్రం 'లైను తీసేసిన పిల్ల'. ఒకప్పుడు ఆ మాటకి ముఖం ముడుచుకునేదాన్ని. ఈమధ్య మావయ్యకి మతిమరుపు వస్తోంది. పెళ్ళిళ్ళలో ఆ కథ చెప్పడం మరిచిపోతే, పక్కన కూర్చుని నేనే అందిస్తున్నాను.