పరవానాల మున్షీ విఠలయ్యగారు

మా గురువర్యులు, పరుల కొరకు అర్జీలు రాసిపెట్టే అర్జీనవీసు మున్షీ విఠలయ్యగారు గత సోమవారం ఉదయం కోటగిరిలో, కుమార్తె ఇంట, దివంగతులైనారు. ఆ వార్తను బోధను మోటారు బస్సులో వచ్చిన వారి అల్లుడు మా కచేరికే వచ్చి చెప్పినప్పుడు నా చేతిలో కలమున్నది. రాస్తున్న వాక్యం పూర్తి చేసిన తరువాత గాని ఆయన మాట నా మనస్సుకెక్కలేదు. "మామ పోయిండు, గంగారామన్నా" అని ఆయన రెండవసారి అన్నాడు. పది దినముల క్రితమే చూసి వచ్చిన మనిషి. జ్వరమని విన్నాను. ఆ జ్వరం ఇంత పని చేయగలదని ఊహించలేదు.

విఠలయ్యగారెవరో నిజామాబాదు బజారులో చెప్పనక్కరలేదు. దూరపు వారి కొరకు చెప్పుతున్నాను. మన పట్టణంలో చిన్న దుకాణం తెరవదలచిన వానికి ముందు కావలసినవి సరుకులు కావు, కాగితాలు. ఇంటి యజమాని సమ్మతి, ఇరుగుపొరుగు అభ్యంతరం లేదన్న మాట, పొగ ఎటు పోవునో మోరీ ఎటు పారునో దరోగా చూసి రాసిన మాట, ఠాణావారి ఒప్పుదల. వీటన్నిటినీ అర్జీకి జతపరిచి పెట్టుకుంటే, అదృష్టం బాగుంటే, పరవానా, అనగా సర్కారు అనుమతి పత్రం, చేతికి వచ్చును. ఇవన్నీ ఉర్దూలో జరుగవలె. కోరవచ్చిన వారిలో చాలామందికి తెలుగు అక్షరాలే రావు. అటువంటి వారికీ కచేరికీ నడుమ, వరండాలో ఒక చాప పరచుకొని, ఏటవాలు రాతపెట్టె ముందు పెట్టుకొని, ముప్పది ఏండ్లు కూర్చున్న వ్యక్తి విఠలయ్యగారు.

సన్నని దేహం, తెల్లని రుమాలు, చూపుడు వ్రేలికి ఎన్నడూ చెరగని సిరామరక. అర్జీదారు చెప్పవలసినదంతా చెప్పేదాకా వారు సిరాబుడ్డి మూత తీసేవారు కారు. "ముందుగల కడుపుల ఉన్నదంత చెప్పు. నేను యాడికి పోత? తర్వాత రాస్త" అనేవారు. రాసిన తరువాత ఉర్దూ మాటకు తెలుగు మాట చొప్పున చదివి వినిపించనిదే వ్రేలిముద్ర వేయనిచ్చేవారు కారు. ఇంత ఆలస్యమెందుకని నేనొకనాడు విసుగుకొన్నాను. అప్పటికి నాకు ఇరువది ఏండ్లు. వారి వద్ద ఉర్దూ నేర్చుకుంటున్నాను. "తన కాగితంల ఏమున్నదో తనకెరుక లేనోడు కచేరి ముందట గుడ్డోడు, గంగారాం. వాని కండ్లు మనం గుంజుకుంటమా?" అన్నారు. మరెన్నడూ విసుగుకొనలేదు.

ఒకసారి నారాయణ అనే అతడు పిండిగిర్ని పెట్టుకొనుటకు అర్జీ రాయించుకొని పోయినాడు. మరునాడు అతని గోడ పక్కన ఉండే కంసాలి బ్రహ్మయ్య వచ్చి, గిర్ని తిరిగితే తన చేతి కింది దిమ్మె అదురునని, సన్నపని చెడునని, ఆ గిర్ని వద్దని అర్జీ రాయమన్నాడు. విఠలయ్యగారు అదీ అంతే శ్రద్ధగా రాసినారు. నేను నివ్వెరపోయి, "రెండు దిక్కుల రాస్తరా, పంతులూ?" అని అడిగినాను. "రెండు దిక్కుల నిజం ఉన్నది మరి, ఏం జెయ్యాలె?" అన్నారు. ఆ సాయంకాలం ఇద్దరినీ పిలిపించి, ఒకరి అర్జీ ఒకరికి చదివి వినిపించినారు. నారాయణ చాలాసేపు తల గోక్కున్నాడు. చివరకు గిర్నిని అవతలి గోడకు జరిపి, పొద్దుట పూట మాత్రమే తిప్పుకొనేటట్లు ఒప్పుకున్నాడు. రెండు కాగితాలూ చించివేసి మూడవది రాసినారు. దాని కింద సాక్షి బ్రహ్మయ్యే.

వారి గొప్పతనం నాకు పూర్తిగా తెలిసినది మాత్రం సాయవ్వ విషయంలో. అందులో నా పాత్ర గర్వించదగినది కాదు. అయినా దాచను.

బోధనులో చక్కెర కర్మాగారం కడుతున్న రోజులవి. పనివాండ్లు, బండ్లవాండ్లు రైలు దిగి, ఆకలితో నిజామాబాదు స్టేషను బయట నిలిచేవారు. భర్త పోయిన సాయవ్వ గంపలో జొన్నరొట్టెలు తెచ్చి వారికి అమ్ముకునేది. వానకు తడిసీ ఎండకు ఎండీ విసిగి, స్టేషను దారిలో ఒక గది కిరాయికి మాట్లాడుకొని, పొయ్యి పెట్టుకొని రొట్టెల దుకాణం నడుపుకొందునని అర్జీ పెట్టుకున్నది. రాసినది విఠలయ్యగారు. అప్పటికి వారి ఆశీర్వాదం వలననే నేను కచేరిలో గుమాస్తానైనాను. ఆ అర్జీ నా బల్ల మీదికి వచ్చినది.

కాగితాలన్నీ సరిగా ఉన్నవి. పై అధికారి మాత్రం ఆడమనిషి పేర పరవానా ఏమిటి, ఇంటి మగవాని పేర పెట్టుకొమ్మనుమన్నారు. ఆ ఇంటి మగవాడు మరిది నర్సిములు. పరవానా తన పేర వస్తే గల్లా ముందు తానే కూర్చుంటానని, వదినె లోపల రొట్టెలు కాల్చుకుంటే చాలునని అతడు బజారులో చెప్పుకుంటూనే ఉన్నాడు. ఇది నాకు తెలుసు. తెలిసే ఆ అర్జీ మీద "పురుషుని పేర సమర్పించవలెను" అని నా చేతితో రాసి తిప్పి పంపినాను.

విఠలయ్యగారు వచ్చి నా బల్ల ముందు నిలిచినారు. నాకు అక్షరం నేర్పిన మనిషి చేతులు కట్టుకొని, "గుమాస్తాగారూ, ఈ మాట ఏ కానూను ప్రకారం రాసిండ్రు?" అని అడిగినారు. ఆ "గారూ" నన్ను దహించివేసినది. పైవారి ఆజ్ఞ అన్నాను. వారు తలవంచి వెళ్లిపోయినారు. మూడవ నాడు అదే అర్జీ అక్షరం మారకుండా మళ్లీ వచ్చినది. నేనూ అదే మాట మళ్లీ రాసినాను.

ఆ సాయంకాలం ఉండబట్టలేక వారి ఇంటికి పోయినాను. వారు మంచినీళ్లిచ్చి, పిల్లలు బాగున్నారా అని అడిగినారు. అర్జీ మాట ఎత్తలేదు. నేనే ఎత్తినాను. "నర్సిములు పేర పెట్టియ్యండి పంతులూ. దుకాణమైతే నడుస్తది గదా. పేరుల ఏమున్నది?" అన్నాను.

వారు నవ్వినారు. "పేరుల ఏం లేదంటున్నవు. ఏం లేకుంటే మరి ఆమె పేరే ఉండనియ్యి" అన్నారు.

తరువాత వారే మెల్లగా, "కానూను కితాబు నీ బల్ల మీదనే ఉంటది. ఆడమనిషి వద్దని ఏ పేజీల ఉన్నదో సూసి చెప్పు, కొడుకా. ఉంటే నేనే సాయవ్వకు సమజు జేస్త" అన్నారు. ఆ పుస్తకం నేను అప్పటికే రెండుసార్లు వెతికినాను. అటువంటి మాట ఎక్కడా లేదు. ఆ సంగతి వారికి చెప్పలేక లేచి వచ్చినాను.

మరునాడు అర్జీ మూడవసారి వచ్చినది. ఈసారి చివర ఒక్క పంక్తి అదనం: స్త్రీకి నిషేధమున్నచో ఆ నియమమును రాసి ఇప్పించవలెను. నేను కలం పట్టుకున్నాను. నౌకరీ పోతే ఏమి గతి అని ఇంట్లో పిల్లలు కండ్లముందు మెదిలినారు. తుదకు, "నియమావళిలో నిషేధము లేదు" అని రాసి, పుస్తకంతో సహా అధికారి ముందు పెట్టినాను. మున్షీ చెప్పి రాయించినాడా అని వారు అడిగినారు. లేదు, పుస్తకంలో ఉన్నదే రాసినాను అన్నాను. వారు పుస్తకం తిరగేసినారు. కోపమో, ఆలోచనో ముఖంలో తెలియలేదు. తాను స్వయంగా ఆ గది చూస్తానన్నారు.

వారి వెంట నేనూ పోయినాను. విఠలయ్యగారు గుమ్మం బయట దూరంగా నిలిచినారు, ఒక్క మాట కల్పించుకొనలేదు. దుకాణంలో తగాదా పుడితే జవాబుదారీ ఎవరని అధికారి నా చేత సాయవ్వను అడిగించినారు. ఆమె కొంగు సర్దుకొని, "పొయ్యి నాది, పొగ నాది. కొట్లాటైతే జవాబు సుత నాదే, దొరా. నా మరిదిని అడుగుతె ఆయన ఊళ్లె ఉంటడో ఉండడో" అన్నది. అధికారి మీసాల చాటున నవ్వినట్లున్నారు. పరవానా సాయవ్వ పేర వచ్చినది.

ఊరకే రాలేదు. అర్జీనవీసులెవరూ వరండాలో కూర్చోరాదని నెల తిరగకముందే హుకుం వెలువడినది. విఠలయ్యగారు చాప చుట్టుకొని ఎదుటి బట్టల దుకాణం అరుగు మీదికి మారినారు. నన్ను పాత దస్తావేజుల గదికి మార్చినారు. దుమ్ములో దగ్గుతూ వారి వద్ద మొర పెట్టుకుంటే, "మంచిదేనాయె. పాత కాగితాలు సదువుతె రాత బాగుపడతది" అన్నారు. వారి మీద ఒక్క క్షణం కోపం వచ్చినమాట నిజమే.

దుకాణం తెరిచిననాడు సాయవ్వ మొదటి రొట్టె మున్షీగారికే పెట్టినది. ఎల్లిగడ్డ కారంతో తింటూ వారు కండ్లు తుడుచుకున్నారు. కారం ఎక్కువైందా పంతులూ అని అడిగితే, "కారానికే" అన్నారు.

ఈ రెండేండ్లలో వారి కండ్లకు పొర కమ్మినది. అరుగు విడిచి కోటగిరిలో కూతురి పంచన చేరినారు. వారు పోవుటకు పది దినముల ముందు నేను చూడ పోయినప్పుడు ఒక మేదరి అతను, ఊరిలో ఎవరితోనో రాయించుకున్న అర్జీ తెచ్చి కూర్చున్నాడు. మున్షీగారు నన్ను చదువుమన్నారు. చదివినాను. సంతలో బుట్టలమ్ముకొనుటకు జాగా కొరకు "దీనుడనై యాచించుచున్నాను" అన్న అర్థం వచ్చే మాట ఉన్నదందులో. వారు మంచం మీద నుంచే చేయి ఎత్తినారు. "గా మాట కొట్టెయ్. బుట్టలల్లేటోడు బిచ్చగాడెట్లయితడు? కోరుతున్న అని రాయి" అన్నారు. నేను మాట మార్చి తిరిగి చదివినాను. "ఆఁ, ఇప్పుడు మనిషి లెక్క నిలబడ్డది" అని కండ్లు మూసుకున్నారు. నేను విన్న కడపటి మాట అదే.

మంజీర ఒడ్డున దహనానికి పిండిగిర్ని నారాయణ వచ్చినాడు. కంసాలి బ్రహ్మయ్య వచ్చినాడు. సాయవ్వ దుకాణం మూసి, మోటారెక్కి వచ్చినది. నాకు పేర్లు తెలియని వారెందరో బండ్ల మీద వచ్చినారు. నిజామాబాదు వీధులలో గోడలకు వ్రేలాడే పరవానాలలో ఎన్నో వారి రాత వలన వచ్చినవే, కాని ఒక్కదానిలోనూ వారి పేరుండదు. అర్జీలో ఉండేది అర్జీదారు పేరే. ఇక మీదట అర్జీలు రాసేవారు దొరుకుతారు. పేదవాని ముచ్చట పూర్తిగా వినే ఆ ఓపికను ఎక్కడని వెతుకుదుము?

మరణవార్త పటేలుకు కాగితం మీద తెలుపవలసి ఉండగా, వారి కూతురు ఆ పని నాకు చెప్పినది. "బాపు ఉంటే చిటికెల రాసేటోడు" అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. పేరు రాసినాను, వయస్సు రాసినాను. వృత్తి అన్నచోట ఆగిపోయినాను. చివరకు అర్జీనవీసు అని రాసినాను. పక్కన కూర్చున్న సాయవ్వ ఏం రాసినవని అడిగితే చెప్పినాను.

"గంతేనా?" అన్నది.

ఆ కాగితంలో అంతకే జాగా ఉన్నది. మిగిలినది ఇక్కడ రాసి, గురువుగారి పాదముల చెంత ఉంచుతున్నాను.