అన్ని భాషల అర

ఓష్ నగర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసే బురుల్ ఎవరినీ నమ్మదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, వచ్చినవాళ్ళ ముఖం కన్నా ముందు చేతులు చూస్తుంది. కిటికీ పక్కన ఎవరైనా తీసి చూసుకునేలా 'అన్ని భాషల అర' పెట్టినప్పటి నుంచి ఆమె అనుమానం మరీ ముదిరింది. ముగాత్ తెగవాళ్ళ వాడ నుంచి వచ్చి చదువుకునే సనోబర్ మూడు రోజులుగా ఆ అర దగ్గరే తచ్చాడుతోంది. ముగాత్‌లంటే అడుక్కునేవాళ్ళని ఊళ్ళో చులకన. నాలుగో రోజు బురుల్ వెనకగా వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఏం తీస్తున్నావే?"

"తియ్యట్లేదక్కా, పెడుతున్నా. మా భాషది ఒక్క పుస్తకమూ లేదిక్కడ. మా అవ్వ కథలు చెబుతుంటే నేనే రాశాను."

అది చేతిరాత నోటుబుక్కు. బురుల్ దాన్ని తిరగేసి, దులిపి చూసింది. గ్రంథాలయం ముద్ర కొట్టి, నంబరు వేసింది. తర్వాత కుర్చీ లాగింది.

"కూర్చో. మొదటి నుంచీ చదివి అర్థం చెప్పు. ఇందులో మమ్మల్నెంత తిట్టారో నాకెలా తెలుస్తుంది?"