సీసా బయటి నీళ్ళు

నిన్న మధ్యాహ్నం అనకాపల్లిలో వాన మొదలవగానే మా పెరట్లో ఎవరో మరిచిపోయిన ఖాళీ నూనె డబ్బాలో చినుకులు టంగుటంగుమన్నాయి. కాసేపటికి అడుగున నీళ్ళు పట్టి ఆ చప్పుడు మెత్తబడింది. ఇంట్లో అందరూ ఆరేసిన బట్టల కోసం పరుగెడితే నేను స్కేలు వెతుక్కున్నాను. మా ఆయన ఎప్పటిలాగే నవ్వారు. నవ్వితే నవ్వనీ, ఈ పిచ్చి నాకు అంటించింది వరలక్ష్మి గారు.

ఆవిడ నా మొదటి ఆఫీసరు. అప్పట్లో నేను పనిచేసిన మండల ఆఫీసులో పంటల లెక్కలు, వాన లెక్కలు ఆవిడే చూసేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, భుజాన గుడ్డ సంచీ, అందులో టిఫిను డబ్బా పక్కనే ఒక స్కేలు. పుట్టింది కశింకోట పక్క పల్లెలో. ఫైళ్ళలో రాత ఎంత నిక్కచ్చిగా ఉన్నా నోరు విప్పితే ఊరి మాటే. మా వైపు వాగుని గెడ్డ అంటాం; నేను చేరిన ఏడాదే అది పొంగింది. ఒడ్డునున్న ఊళ్ళో వరి మునిగింది, చెరకు పడిపోయింది. అయినా నష్టపోయిన ఊళ్ళ జాబితాలో ఆ ఊరి పేరు లేదు. మా ఆఫీసు ఆవరణలో ఉన్న వాన మీటరు ప్రకారం మేం పంపిన లెక్క చూసి, ఇంత చిన్న వానకి గెడ్డ పొంగదు, రైతులే గట్టు తెగ్గొట్టుకుని ఉంటారని పైవాళ్ళు తేల్చేశారు. వారంలోగా మేం వేరే నివేదిక పంపకపోతే ఇక అంతే.

ఇద్దరం షేర్ ఆటోలో ఆ ఊరు వెళ్ళాం. పాలకేంద్రం దగ్గర జనం చేరారు. మొదటాయన రెండు జానల వాన పడిందన్నాడు. రెండో ఆయనా రెండు జానలే అన్నాడు. పదో ఆయన దాకా అదే మాట. వాళ్ళ మొహాలు చూసి నాకు ఏడుపొచ్చింది, గబగబా రాసుకుంటున్నాను. వరలక్ష్మి గారు నా నోటుబుక్కు మూసేశారు.

"ఏటి మేడమ్, మా మాట నమ్మరా?" అన్నాడు ఊరి పెద్ద.

"నమ్మబట్టే వచ్చేను బాబూ. పది ఇళ్ళ కాడ వాన ఎంట్రుకవాసి తేడా నేకుండా పడతాదా? అందరూ కూడబలుక్కుని సెప్తే నిజం కూడా అబద్ధంలాగే ఇనిపిత్తాది. ఎంత పడిందో సెప్పొద్దు. ఆ రాత్రి మీ ఇంటి బయట ఏటి ఉండిపోయిందో సూపించండి."

ఒకాయన నిండిన గాబు చూపించాడు. ఆవిడ తలెత్తి పైనున్న చూరు చూసి, కప్పు నీళ్ళన్నీ ఇందులోకే వస్తాయి కదా అని ముందుకు నడిచారు. ఇంకొకరి బకెట్టు దూడ తన్నేసింది. చివరికి మెరక మీద ఒంటరిగా ఉంటున్న పైడమ్మ అనే ముసలావిడ, "నాకు తెల్దు తల్లీ, జొరంతో లోన తొంగున్నాను" అంది. ఆ ఊళ్ళో తెలియదన్నది ఆవిడొక్కతే. ఆ మాట వినగానే వరలక్ష్మి గారు ఆవిడ పక్కన చతికిలబడ్డారు. వాకిలి నడుమ, చూరుకీ చెట్టుకీ దూరంగా, పైభాగం కోసేసిన నూనె డబ్బా ఉంది. కోళ్ళకి నీళ్ళు పోసేదట.

"సందేళ నీళ్ళొంపేసి ఒగ్గేసేను. తెల్లారి సూత్తే ఈ సిల్లు కాడికొచ్చి కారిపోతన్నాది" అని పైడమ్మ తుప్పుకి పడిన చిల్లు చూపించింది.

స్కేలు పెట్టి చూస్తే ఆ చిల్లు జానెడు ఎత్తున ఉంది. మేం పంపిన లెక్కకి అది రెట్టింపు. వరలక్ష్మి గారు ఆ చిల్లు మీద వేలు పెట్టి, ఇంతకి మించి పడిందంతా కారిపోయిందన్నమాట అన్నారు. తిరుగు ఆటోలో ఉన్నట్టుండి అడిగారు: "మన మీటర్లో సీసా నిండిపోతే ఏటవుద్దమ్మా?"

ఆఫీసుకి రాగానే పాత రిజిస్టర్లు తిరగేశాం. పెద్ద వాన పడిన ప్రతిసారీ ఒకటే అంకె. వానకి అంత క్రమశిక్షణ ఎక్కడిది? మీటరు చూసే అటెండరు అప్పారావుని పిలిచి, గరాటులో బకెట్టు నీళ్ళు పోసి కొలవమన్నారు. అతను శ్రద్ధగా సీసా తీశాడు, గ్లాసుతో కొలిచాడు, అంకె చెప్పాడు. సీసా పొంగి, దాని చుట్టూ ఉండే బయటి డబ్బాలో చేరిన నీళ్ళని తీసుకెళ్ళి కనకాంబరాలకి పోశాడు.

"అదేటి అప్పారావూ?"

"సీసాలోదే కొలవమన్నారు గదా మేడమ్. ఇది ఒలికిపోయిందే." అంతలోనే మా మొహాలు చూసి అతనికి అర్థమైంది. చేతిలో డబ్బా కింద పెట్టేశాడు. "నా ఉద్యోగం పోద్దా?"

ఏటా మీటరు తనిఖీ చేసి 'సరిగా ఉంది' అని సంతకం పెట్టింది వరలక్ష్మి గారే. ఏ ఒక్క ఏడూ అతని చేత కొలిపించి చూడలేదు. ఆవిడకి ప్రమోషన్ వచ్చే నెలలవి. నేను మెల్లగా, మీటరు పాడైందని రాసేద్దాం మేడమ్, ఊరి పేరూ ఎక్కుతుంది, ఎవరికీ ఏమీ కాదు అన్నాను.

"దానికి నోరు నేదని దాని మీద తోసేద్దామా? కొత్త మీటరు పంపుతారు. అప్పారావు మళ్ళీ కనకాంబరాలకి పోత్తాడు" అన్నారు.

నివేదిక ఆవిడే రాశారు. పదిమంది మాట లెక్కలోకి తీసుకోలేదని రాశారు. పైడమ్మ డబ్బా ప్రకారం వాన జానెడుకి తక్కువ కాదు, ఎంత ఎక్కువో తెలియదు అని రాశారు. సీసా బయటి నీళ్ళు కొలవాలని అప్పారావుకి నేర్పనిది తానేననీ, చూడకుండా సంతకాలు పెట్టాననీ కూడా రాశారు.

ఊరి పేరు జాబితాలోకి ఎక్కింది. అప్పారావు ఉద్యోగం నిలిచింది. ఆవిడకి మెమో వచ్చింది, ప్రమోషన్ మరొకరికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బాధగా లేదా అని అడిగాను.

"ఎందుకుండదమ్మా? రెండ్రోజులు అన్నం సయించనేదు. కానీ ఆ ఊరోళ్ళు గట్టు తెగ్గొట్టేరన్న మాట పడ్డారు సూడు, అది నా సంతకం వల్ల పడ్డారు. ఆ మాట అలా ఉంచేసి పెద్ద కుర్చీలో ఎలా కూకోను?"

ఆవిడ ఆ సీట్లోనే రిటైరయ్యారు. కిందటేడు పోయారు. ఎన్ని మంచి మాటలు నేర్చుకున్నా, నాకు అక్కరకొచ్చినవి 'తెలియదు' అని రాయడం, చూడకుండా సంతకం పెట్టకపోవడం. రెండూ ఇప్పటికీ కష్టమే.

ఇప్పుడు వేరే మండలంలో ఆ పని నాది. ఈ పొద్దున్న మీటరు చూసే కుర్రాడు ఫోన్ చేసి నిన్నటి వాన చెప్పాడు. బయటి డబ్బా చూశావా అంటే, "సూసేను మేడమ్, ఏటీ నేదు" అన్నాడు. మంచి పిల్లాడు, అబద్ధమాడడు. అప్పారావూ ఆడలేదు. తనిఖీ రిజిస్టరు సంచీలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. సంతకం ఇంకా పెట్టలేదు. ముందు అతని చేత బకెట్టు నీళ్ళు పోయించాలి.