ఒడ్డున వదిలి వెళ్ళిన తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడన్న కబురు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. టూంగాబీలో మా అబ్బాయి ఇంటి వెనక కుర్చీ వేసుకుని చదువుకుంటున్నాను. అతని కూతురు ఫోన్‌లో ఇంగ్లీషులో రెండు వాక్యాలు పంపింది. నాన్న పొద్దున కాఫీ కలుపుకుంటూ పడిపోయారనీ, ఆంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందనీ. నేను పుస్తకం మూయలేదు. ఆ పేజీ చివరిదాకా చదివాను. ఏం చదివానో ఇప్పుడు గుర్తులేదు. తర్వాత లేచి, ఉత్తర తీరంలో ఉన్న డార్విన్‌కి విమానం టికెట్ కొనమని అబ్బాయికి చెప్పాను.

డార్విన్ తెలుగువాళ్ళకి అతన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. అతను నా భార్య చెల్లెలి భర్త. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. భార్యనీ, పదేళ్ళ కూతుర్నీ, ఏడేళ్ళ కొడుకునీ తెరచాప పడవ ఎక్కించుకుని మూడేళ్ళు దీవుల మధ్య తిరిగి వచ్చినవాడు. ఉగాది అయినా దీపావళి అయినా, ఎవరి పెరట్లో బార్బెక్యూ పొయ్యి పెట్టినా, ఆ ప్రయాణం కథ ఒకసారి జరగాల్సిందే. ఆ కథలో నేనూ ఉన్నాను. అంతా సిద్ధమయ్యాక నీళ్ళంటే భయపడి తప్పుకున్న పెద్ద తోడల్లుణ్ణి నేను. అందరూ నవ్వే చోటు అదే.

నేను భీమిలిలో పుట్టాను. అతను పుట్టింది అనంతపురంలో, సముద్రం మొదటిసారి చూసింది పద్దెనిమిదో ఏట. ఈ ఒక్కటీ పాఠకులు గుర్తుంచుకుంటే చాలు.

ఆ పడవ మేమిద్దరం కలిసి తయారు చేసుకున్నది. ఎవరో సగంలో వదిలేసిన ఇనుప పడవ అది. ఎనిమిదేళ్ళ శనివారాలు దాని మీదే పెట్టాం. డార్విన్ వానాకాలంలో ఇనుము మీద చెయ్యి పెడితే చర్మం అంటుకునేది. అతను అరిచేవాడు కాదు, తొందరపెట్టేవాడు కాదు. చెడిపోయిన మరను ఎదురుగా పెట్టుకుని, మత్తులో ఉన్న రోగిని చూసినట్టు చాలాసేపు ఊరికే చూసేవాడు. "కదిలించే ముందు ఎంతసేపు చూస్తే అంత తక్కువ కొయ్యాల్సి వస్తాదన్నా" అనేవాడు. ఆ ఓపిక నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాత నా జీవితంలో అది చాలా పనికొచ్చింది. అతని మీద కోపం దాచుకోవడానికి కూడా.

విద్యుత్ కేంద్రంలో ఇంజనీర్ని కాబట్టి కరెంటు పని నాది. ప్రతి తీగకీ రెండు చివర్లా అంకె చీటీ కట్టాను. ముందు భాగాన వెలిగే ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం కూడా నేను బిగించినవే, చీటీలు చూసి. ఇంత పద్ధతి ఎవరికీ ఉండదని అతను వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. పద్ధతి కాదది. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టుకతోనే అంత. ఉద్యోగంలో చేరేముందు రంగు చుక్కల మధ్య అంకెలు చదివించే పరీక్ష ఒకటి పెడతారు. ఏ బొమ్మలో ఏ అంకె ఉందో లైబ్రరీ పుస్తకంలోంచి బట్టీపట్టి వెళ్ళాను. ఇక్కడికి వచ్చాక కూడా అవే బొమ్మలు, అదే వరుస. నా భార్యకి సైతం చెప్పలేదు. చీరల కొట్లో ఏది చూపించినా నీ ఇష్టం అనేవాణ్ణి. తన చీరల మీద నాకు శ్రద్ధ లేదనుకుంటూనే ఆవిడ ఆరేళ్ళ కిందట కన్నుమూసింది.

బయలుదేరడానికి నెల ముందు, పడవని చివరిసారి పరీక్షించి వెనక్కి వస్తున్నాం. పొద్దు వాలింది. రేవు దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. లోపలికి వచ్చేటప్పుడు ఎర్ర దీపం ఎడమవైపు ఉండాలి, ఆకుపచ్చది కుడివైపు. చుక్కాని నా చేతిలో ఉంది. ఎడమ పక్కది ఏ రంగు అని అడిగాడు. ఎరుపు అన్నాను. అది ఆకుపచ్చట. పడవ బురద మేట మీదికి వెళ్తోంది. అతను నా చేతి మీద చెయ్యి వేసి, చుక్కాని మెల్లగా తిప్పాడు.

మర్నాడు అడిగాడు. అంతా చెప్పాను. నలభై ఏళ్ళలో ఒక్క మనిషికి చెప్పానంటే అతనికే. జీతం లేని సెలవు మీద వస్తున్నాను, రిటైర్ కావడానికి ఇంకా అయిదేళ్ళుంది, ఇది బయటపడితే ఉద్యోగం పోతుంది, ఎవరితోనూ అనవద్దని చేతులు పట్టుకున్నాను. ఎవరితోనూ అనను అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రెండు వారాల తర్వాత మా ఇంట్లోనే, రెండు కుటుంబాలూ భోజనానికి కూర్చున్నప్పుడు, అతను పప్పు కలుపుకుంటూ చెప్పాడు. "అన్న రావడం లేదు. నీళ్ళంటే భయమంట, పాపం. నాకు చెప్పుకుని బాధపడినాడు." నా భార్య నా మొహంలోకి చూసింది. మా మరదలు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. పిల్లలు ముందు నవ్వి, తర్వాత మానేశారు. నేనేం మాట్లాడగలను? నోరు తెరిస్తే నా కళ్ళ సంగతి చెప్పాలి.

తర్వాత పెరట్లో పట్టుకుని ఎందుకలా చెప్పావని అడిగాను. "మీకిచ్చిన మాట నిలబెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాల కదన్నా. భయమంటే ఎవురూ ఇంకో ప్రశ్న అడగరు" అన్నాడు. రాత్రి కాపలాకి మూడో మనిషి కావాలనే నన్ను తీసుకెళ్దామనుకున్నాడు. రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో దాని దీపాల రంగుని బట్టే తెలియాలి. పిల్లల ప్రాణాలు నా కళ్ళకి అప్పగించలేనన్నాడు. అందులో తప్పు పట్టను. కానీ నాకు వేరే రోగమేదైనా అంటగట్టొచ్చు. గుండె అనొచ్చు, నడుము అనొచ్చు. డాక్టరు కదా. అతను పిరికితనం ఎంచుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఒడ్డు మీద వాళ్ళ పనులన్నీ నేను చూశాను. ఇంటి గడ్డి కోయించాను, పిల్లల దూరవిద్య పాఠాలు ఏ రేవుకి పంపమంటే ఆ రేవుకి పంపాను, చింతపండూ ఇంగువా కట్టి పోస్టు చేశాను. రేవు దొరికినప్పుడల్లా అతను ఫోన్ చేసేవాడు. తీమోర్ దాటాక ఒక దీవిలో, చెవి నొప్పితో ఏడుస్తున్న పాపకి మందు వేస్తే, ఊళ్ళోవాళ్ళు పడవ నిండా అరటి గెలలు పెట్టారట. వానొస్తే గుడ్డ పందిరి కట్టి నీళ్ళు పట్టుకునేవారట. దోసెల పిండి మూడు గంటల్లో పొంగి గిన్నె దాటేదట. పచ్చడి సీసాలు పగలకుండా పిల్లల మేజోళ్ళు తొడిగారట. కూతురు నక్షత్రాలు చూసి దిక్కు చెప్పడం నేర్చిందట, కొడుకు లంగరు వేసిన చోటల్లా దిగి ఈదకుండా లెక్కలు చెయ్యనంటాడట. వింటూ ఆ దీవులన్నిటి గురించీ పుస్తకాలు తెప్పించి చదివాను. ఏ దీవిలో ఏ భాషో, ఏ గాలి ఏ నెలలోనో, వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలిసేది. ఫోన్ మా మరదలి చేతికి వచ్చేది కాదు. నిద్రపోతోంది అనేవాడు, ఎప్పుడూ.

తిరిగొచ్చాక ఆమె నాతో ముక్తసరిగా మాట్లాడేది. నిజం తెలిసీ ఊరుకుందని నా కోపం. భర్త భార్యకి చెప్పకుండా ఉంటాడా అనుకున్నాను. పాతికేళ్ళు ఆ కోపం మోశాను. రిటైరయ్యాక చెప్పేయొచ్చు కదా అని పాఠకులు అనుకోవచ్చు. అబద్ధం చెప్పినవాడే దిద్దుతాడని ఎదురుచూశాను. అతను దిద్దలేదు.

అంత్యక్రియలైన రెండో రోజు హాల్లో సంస్మరణ సభ పెట్టారు. ఒక పెద్దమనిషి, మా ఇద్దరికీ స్నేహితుణ్ణని చెప్పుకునేవాడు, మైకు దగ్గర నా వైపు చెయ్యి చూపించి, "డాక్టర్‌గారు ఈ అంకుల్ని కూడా తీసుకెళ్దామనుకున్నారండీ, అంకుల్ బాత్‌టబ్ చూసినా వణికిపోతారు" అన్నాడు. చావు ఇంటివాళ్ళు కూడా నవ్వారు. పక్కనే కూర్చున్న అతని కూతురు నా భుజం తట్టింది. ఇప్పుడు తను కూడా ఆసుపత్రిలోనే నర్సు. "ఇట్స్ ఓకే పెదనాన్నా. అందరికీ ఏదో ఒక ఫియర్ ఉంటుంది. డాడ్ నెవర్ జడ్జ్‌డ్ యూ" అంది. ఆ పిల్ల మొహంలో దాపరికం లేదు. నిజంగానే తెలియదు. వెంటనే మా మరదలి వైపు చూశాను. ఆమె నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు.

మర్నాడు పొద్దున ఆమె వరండాలో కూర్చుని అతని చొక్కాలు మడతపెడుతోంది. పోయి రెండు వారాలు కూడా కాని మనిషిని అబద్ధాలకోరుని చెయ్యడం న్యాయమా అని తెల్లవార్లూ ఆలోచించాను. కానీ ఈ ఇంట్లోనైనా నా పేరు నాకు తిరిగి కావాలి. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. బొమ్మల పరీక్ష దగ్గర్నుంచి పప్పన్నం దాకా.

ఆమె మడత ఆపలేదు. చివరి చొక్కా అయ్యాక అడిగింది.

"అంటే ఆయన అన్నది అబద్ధం."

"అవునమ్మా."

"మీరు ఊరుకున్నదీ అబద్ధమే."

నేను చొక్కాల దొంతర ఆమె వైపు జరిపాను.

"మీరు భయపడి నన్ను ముంచారనుకున్నాను బావగారూ. ఇన్నేళ్ళూ. పగలంతా వంటా, పిల్లల పాఠాలూ, రాత్రి మూడు గంటలకోసారి నా వంతు. వరసగా నాలుగు గంటలు పడుకున్న రోజు ఆ మూడేళ్ళలో నాకు గుర్తులేదు. మీరు పగలు చుక్కాని పట్టుకుంటే నేను పగలు పడుకునేదాన్ని కదా? పగలు రంగులతో పనేముంది?"

ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా.

"ఆయనకీ తోచలేదు, మీకూ తోచలేదు. నన్నడిగితే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. ఇద్దరూ కలిసి నన్ను మేలుకోబెట్టారు" అని, చొక్కాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అస్థికలు సముద్రంలో కలపడానికి శనివారం పొద్దున అదే పడవలో వెళ్ళాం. అతని కొడుకూ తను ఉండే హారిసన్ ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. పడవ ఎక్కమని నన్నెవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు. ఎక్కాను. మా మరదలు తనే చుక్కాని పట్టుకుని రేవు దాటించింది. డ్రై సీజన్ గాలి, తేలికగా వీస్తోంది. పిల్లలిద్దరూ పని పూర్తి చేశారు. పువ్వులు కాసేపు పక్కనే తేలి వెనకబడ్డాయి. నేను అతన్ని క్షమించలేదు, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా. ఆమె నన్ను క్షమించినట్టు కూడా నాకెక్కడా కనబడలేదు.

చుట్టూ ఒక్క ఓడ లేదు. ఆమె లేచి, దిక్సూచి మీద అంకె వేలితో చూపించి, "దీని మీదే ఉంచండి" అంది. చుక్కాని నా చేతికిచ్చింది. బల్ల మీద ఒక పక్కకి తిరిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. కూతురు వచ్చి తన టోపీ తీసి తల్లి మొహం మీద నీడ పడేలా పెట్టి, చప్పుడు కాకుండా ముందుకి వెళ్ళిపోయింది. ఎండ ఆమె పాదాల మీదికి జరిగింది. తర్వాత మోకాళ్ళ దాకా వచ్చింది. నా చేతులు తిమ్మిరెక్కాయి. అంకె మీదినుంచి కళ్ళు తియ్యలేదు. ఒడ్డు కనబడటం మానేసి చాలాసేపైంది. వెనక్కి తిప్పమని పిల్లలెవరూ అనలేదు.