మూఢంలో నడిచే బడి

శంషాబాద్‌లో పెళ్లి ముహూర్తాలు పెట్టేది పంతుళ్లు కాదు, మా స్వరూపక్క. ఆమె ఊఁ అననిదే ఎవరి మెడలోనూ తాళి పడదు.

చదువు మానేసి ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు పోయే మాలాంటి వాళ్లకు ఆమె ఓపెన్ పదో తరగతి చెబుతుంది. అందుకే ఆమె బడి క్యాలెండర్ పంచాంగం చూసి తయారవుతుంది. ముహూర్తం ఉంటే సెలవు. పెళ్లిళ్లు లేని మూఢంలో ఆదివారం కూడా పాఠమే.

ఈసారి లెక్కల పరీక్ష సరిగ్గా పెద్ద ముహూర్తం రోజునే పడింది. పరీక్ష తప్పితే మా ఏడాది పోతుంది. అక్కకు అన్నం సహించలేదు. క్యాటరింగ్ జంగయ్య దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, పొద్దుగాల నా పోరగాండ్లను జర ఇడిచిపెట్టు."

"మరి టిఫిన్లు ఎవరు పెడ్తరు, నువ్వు పెడ్తవా?"

"పెడ్త" అనేసింది.

మేము పరీక్ష రాస్తుంటే, మా అమ్మలను వెంటేసుకుని అక్క పదివేల మందికి వడ్డించింది. కళ్లు మాత్రం గోడ గడియారం మీదే ఉన్నాయట.

సాయంత్రం ఇదంతా నేను పదిమందికీ చెబుతుంటే వెనక నుంచి అక్క అంది: "నేను ముహూర్తాలు పెట్టలే. సాంబారు పోసిన, గంతే. లెక్కలన్నీ చేసినవా?"